మూగ సినిమాలో బాలకిషన్ అన్న మాట

శ్యామలమ్మ చాయ్ హోటల్ పాత బట్టల మిల్లు గేటుకు ఎదురుగా ఉంటుంది. మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అందులోని నేత షెడ్డును బాగుచేసి మ్యూజియం పెట్టారు. ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వస్తున్నారు. దానితో శ్యామలమ్మకు గిరాకీ పెరిగింది, మా ముసలివాళ్ళకు కూర్చునే బల్ల ఇరుకైంది.

ఆ ఆదివారం బాలకిషన్ తన మనవరాలు పూజకు, దాని తమ్ముడు చిన్నోడికి మ్యూజియం చూపించి సరాసరి హోటల్‌కు వచ్చాడు. పిల్లలిద్దరికీ చెరో ఉస్మానియా బిస్కెట్ ఇప్పించి, పక్కన ఆపి ఉన్న సుదర్శన్ ఆటోలో కూర్చోబెట్టాడు. తాను వచ్చి బల్ల నడిమధ్యన కూర్చున్నాడు. నడిమధ్యన కూర్చున్నాడంటే కథ ఉన్నదని మాకందరికీ తెలుసు.

ఎదురుగా నయీముద్దీన్ సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఇద్దరూ జీవితమంతా ఒకే షెడ్డులో మగ్గాలు నడిపినవాళ్ళు. మిల్లు మగ్గాన్ని వాళ్ళు సాంచె అంటారు. ఒకడు మాట్లాడేవాడు, ఒకడు వినేవాడు.

"ఇనుండ్రి జర," అన్నాడు బాలకిషన్. "వచ్చే శనివారం మా పూజ బడి మొత్తం మ్యూజియంకు వస్తాంది. పద్మలత టీచర్ నన్నే వచ్చి పిల్లలకు చెప్పుమన్నది. తెర పక్కన నిలవడి చెప్పాలె. ముందుగాల మీకు ఒకసారి చెప్తాన, ఎక్కడన్న తక్కువైతె చెప్పుండ్రి."

"నీ దగ్గర తక్కువ ఎందుకైతది అన్నా," అంది శ్యామలమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"అది గాదు చెల్లె. మా పూజ సంగతి నీకు ఎరికే గద. ఇంట్ల గలగల మాట్లాడ్తది, బడిల మాత్రం నోరిప్పదు. పేరు అడిగినా చెప్పదట. టీచర్ రెండుసార్లు మా కోడలిని పిలిచి చెప్పింది. గసొంటి పిల్ల ఇయ్యాల ఏం చేసిందో చెప్త, ఆఖరుకు చెప్త. ముందుగాల గేటు కాడికెల్లి మొదలువెట్టాలె."

సుదర్శన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆటో తోలేవాడు, మాలో అందరికంటే చిన్నవాడు, అందరికంటే అనుమానాలు ఎక్కువ. "టికెట్ ఎంత కాకా?" అన్నాడు.

"టికెట్టా? నన్ను టికెట్ అడిగెటోడు ఇంక పుట్టలే కొడకా. గేటు కాడ ఒక పోరడు యూనిఫాం ఏస్కొని నిలవడ్డడు. నేను మాట్లాడలే, కార్డు చూపియ్యలే, ఊకె నడుచుకుంట పోయిన. సాంచెల నడుమ గల్లీ ఎంతుంటది, ఇగో ఇంతుంటది, అండ్ల పక్కవాటుగ నడిసి నడిసి మా కాళ్ళు గట్లనే అలవాటు వడ్డయి, ఇప్పటికీ నేను బజార్ల సక్కగ నడవలేను. వాడు నా నడక సూసిండు. సూసి, టోపీ తీసి, 'పెద్దయ్యా, మీరు ఈడ పనిజేసినోళ్ళు గద' అన్నడు. అని సెల్యూట్ కొట్టిండు."

ఇంతవరకు నమ్మదగినదే. నయీముద్దీన్ కూడా తల ఊపాడు.

"లోపలికి పోయినం. అబ్బబ్బ, ఏం పెట్టిండ్రు! మెచ్చుకోవాలె. గోడలకు సున్నమేసిండ్రు, సాంచెలను తుడిసి నూనె రాసి వరసగ నిలవెట్టిండ్రు, కింద ఒక్క దూది పోగు లేదు. మనం ఉన్నప్పుడు అండ్ల ఊపిరి తీస్తె ముక్కుల దూదే గద, నయీం భాయ్? ఇప్పుడు నేల మీద అన్నం పెట్టుకొని తినొచ్చు. కాని సాంచెల ముందు తాడు గట్టిండ్రు. ముట్టద్దట. నా సాంచెకు తాడు! మొదటి వరసల మూడోది నాది. నేను దాన్ని గుర్తువట్టుడు కాదు, అదే నన్ను గుర్తువట్టింది. పిల్లలిద్దరు సూస్తాన్రు. తాడు మీదికెల్లి ఇట్ల చెయ్యి చాపి దాని మీద పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గార్డు తిట్టిండు," అంది శ్యామలమ్మ.

"సాంచె వణికింది! దూడ పొదుగు ముట్టుకుంటె ఆవు చర్మం ఎట్ల వణుకుతది, గట్ల. కరెంటు లేదు, మోటరు లేదు, నాడె ఉన్నది గద, దారం పట్టుకొని అటూ ఇటూ ఉరికేది, అది ఈ దిక్కుకెల్లి ఆ దిక్కుకు టక్కున కొట్టింది. చిన్నోడు బెదిరి ఏడిసిండు. నమ్మకపోతే అడుగు."

సుదర్శన్ వెనక్కి తిరిగి, "ఓ చిన్నోడా, మ్యూజియంల ఏడిసినవారా?" అని అరిచాడు.

"ఆ! తాత ఐస్‌క్రీం కొనియ్యలే!" అన్నాడు చిన్నోడు ఆటోలోంచి.

"అది వేరే ఏడుపు, తర్వాత ఏడుపు," అన్నాడు బాలకిషన్ తడుముకోకుండా. "పూజ ఏమడిగింది, తాతా నువ్వు ఎన్ని సాంచెలు నడిపేటోనివి అన్నది. నాలుగు అని చెప్పిన. ఎక్కువ చెప్తె పిల్ల బెదురుతది. అసలైతె ఎనిమిది. ఎవడన్న రాకపోతె ఆ వరసంత నాదే. రెండు చేతులకు రెండు, కాలుతోని ఒకటి, మోచేతితోని ఒకటి, పోగు తెగితె నోట్లనే ముడి వేసేది. ఒకనాడు దసరా ముందట, బట్ట చుట్టెటోడు చాయ్‌కు పోయిండు. ఇక్కడికే, శ్యామలమ్మ అత్త ఉండె అప్పుడు. వాడు చాయ్ తాగి వచ్చేవరకు బట్ట ఏమైంది?"

"ఏమైంది?"

"కిటికీలకెల్లి బయటికి పోయింది. గోడ దాటింది. వర్ధన్నపేట రోడ్డు వట్టింది. ఆ దిక్కు రైతులు దూరంకెల్లి తెల్లగ పారుకుంట వచ్చేది సూసి, కాలువకు నీళ్ళిడిసిండ్రని పారలు పట్టుకొని ఉరికిండ్రు. ఒకాయన మడికి మళ్ళిచ్చుకున్నడు గూడ! ఇంకో సాంచె బట్ట పరకాల దిక్కు పోయింది. ఆడ ఒక పెండ్లి అయితాంది, షామియానా రాలేదని పిల్ల తండ్రి నెత్తికి చేతులు వెట్టుకొని కూసున్నడు. మన బట్ట పోయి వాళ్ళ నెత్తుల మీద పరుచుకున్నది. ఆ పెండ్లికొడుకు ఇప్పటికీ బస్టాండుల కనవడ్డా నాకు దండం పెడ్తడు."

"మరి ఆ బట్టంత వాపస్ ఎట్ల తెచ్చినవ్ కాకా?" అన్నాడు సుదర్శన్.

"సాంచె ఉల్టా నడిపిన."

ఏ అనుమానం వచ్చినా బాలకిషన్ దగ్గర దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. అందుకే మేము అతని కథలకు వస్తాం. ఆటోలో హారన్ మోగింది. చిన్నోడు నొక్కాడు, పూజ చెయ్యి తీసేసింది.

"ఇగ అసలు ముచ్చట వస్తాంది. శ్యామలా, ఇంకో చాయ్ పొయ్యి. షెడ్డుల సప్పుడు ఎట్లుండెనో మీకు తెల్వది. వందల సాంచెలు ఒక్కసారి కొడ్తె చెవుల రైలు పోయినట్టుంటది. పక్కోని చెవుల నోరు వెట్టి అరిచినా ఇనరాదు. గందుకే మేము గొంతుతోని మాట్లాడేది లేకుండె. పెదవులు మెదిలిస్తె సాలు, ఎదుటోడు సదువుకునేటోడు."

"అది నిజం," అన్నాడు నయీముద్దీన్. అంతసేపటికి అతను మాట్లాడింది అదే.

అది నిజమేనని మాకూ తెలుసు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు ఎంత మోగనీ, ఆ చివర ఒక మిల్లువాడు ఈ చివర ఒక మిల్లువాడు నిలబడి పెదవులతోనే కూరగాయల ధరలు, ఇంట్లో జ్వరాలు, సంబంధాల సంగతులు అన్నీ మాట్లాడుకునేవారు. పక్కనున్న మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చదువు రాని రోజుల్లో మేము వాళ్ళను చూసి, వీళ్ళకు గాలిలో రాసిన అక్షరాలు కూడా వస్తాయి కాబోలని ఈర్ష్యపడేవాళ్ళం.

"అందరు ఎదురుంగ ఉంటెనే సదివేటోళ్ళు," అన్నాడు బాలకిషన్. "నేను ఎనుకకెల్లి సదివేటోన్ని. మేనేజర్ అటు తిరిగి మాట్లాడ్తె, ఆయన చెవులు మెదిలే తీరు సూసి ఏమంటాండో చెప్పేటోన్ని. ఒకపారి ఎనుమాముల మార్కెట్‌కు పోయిన. మిర్చి కొనెటోళ్ళు తువ్వాల కింద చేతులు వెట్టి ఏళ్ళతోని బేరం చేస్తాన్రు. తువ్వాల మెదిలేది సూసి ధర పైకి చెప్పిన. అంతే, యార్డంత సప్పుడు బందైంది. మళ్ళ ఈ దిక్కు రావద్దు బాంచెన్ అని నన్ను రిక్షా ఎక్కించి పంపిండ్రు. ఆఖరుకు ఎట్లైందంటె, బర్రె నెమరేస్తాంటె గూడ నాకు మాటలు తెలిసేది."

"ఏమనేది బర్రె?" అన్నాడు సుదర్శన్.

"మనకెందుకురా, ఇంటి ముచ్చట్లు."

శ్యామలమ్మ నవ్వుతూ చాయ్ తెచ్చి పెట్టింది. బాలకిషన్ గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. గొంతు తగ్గించాడు.

"మ్యూజియంల ఒక చీకటి అర్ర ఉన్నది. అండ్ల తెర మీద సినిమా నడుస్తాంది. మనం పనిజేస్తాన్నప్పుడు సినిమా తీసెటోళ్ళు వచ్చి షెడ్డుల తీసుకపోయిన్రు గద, గదే. తెలుపు నలుపు బొమ్మ, సప్పుడు లేదు. సాంచెలు కొడ్తానయి, సప్పుడు లేదు. మనుషులు నోర్లు మెదిలిస్తాన్రు, సప్పుడు లేదు. పిల్లలు, తల్లులు, తండ్రులు అర్ర నిండ నిలవడి సూస్తాన్రు. ఇంతల తెర మీద ఒకడు వచ్చిండు. నెత్తి నిండ ఉంగరాల ఎంటికలు, నడుముకు చెయ్యి వెట్టి, ఇటు సూసి ఏదో అంటాండు. మా పూజ ఉన్నది గద, అసలు నోరిప్పని పిల్ల, అర్ర మొత్తం ఇనేటట్టు 'అగో, మా తాత' అని అరిచింది!"

ఈ ముక్క బాలకిషన్ పెంచలేదు. గొంతు వింటేనే తెలిసింది.

"అందరు మా దిక్కు తిరిగిన్రు. పద్మలత టీచర్ గూడ ఆడనే ఉన్నది. శనివారం పిల్లలను తెచ్చేముందు సూసిపోదామని వచ్చిందట. ఆమె బిత్తరపోయింది. ఈ పిల్లకు గొంతున్నదా అని. పూజ నా అంగీ పట్టి గుంజుతాంది. తాతా, అండ్ల నువ్వు ఏమంటానవ్ తాతా, చెప్పు తాతా అని. అందరు ఇంటాన్రు. ఇగ నేను చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"జరిగింది చెప్పిన. షెడ్డు పైన ఇంత మందం బెల్టు ఈ కొనకెల్లి ఆ కొనకు తిరుగుతాంటది. దాంతోనే సాంచెలన్ని నడుస్తయి. ఆనాడు సినిమా తీసెటోడు కెమెరా పెట్టిండు, అందరు నున్నగ తల దువ్వుకొని నిలవడ్డరు, ఎవ్వడు పైకి సూస్తలేడు. నేను సూసిన. బెల్టు ఒక్క పోగు మీద నిలవడి ఉన్నది. ఒక్క పోగు! అది తెగితె అందరి తలకాయలు పోతయి. అరిస్తె ఇనరాదు. నేనేం చేసిన? కెమెరా ముందర నిలవడి, పెదవులతోని 'అందరు వంగుండ్రి' అన్న. మూడు వందల మంది ఒక్కసారి సదివిన్రు. మూడు వందల నడుములు ఒక్కసారి వంగినయి. అప్పుడే బెల్టు తెగింది. మా ఈపుల మీదికెల్లి బుస్సున పోయింది, ఎంటిలేటర్‌లకెల్లి బయటవడ్డది, కాజీపేటల పోతున్న గూడ్సు బండికి చుట్టుకున్నది. ఆ బండి బల్లార్షా దాక ఆగలే. బెల్టే గుంజుకపోయింది. ఇంజను డ్రైవరు బొగ్గు మిగిలిందని తెల్లారి మనకు ఉత్తరం గూడ రాసిండు."

అబద్ధమైనా అంత చక్కగా తిరిగిన బెల్టును మేము ఎప్పుడూ చూడలేదు.

సుదర్శన్ మాత్రం వేలు పైకెత్తాడు. "కాకా, నేను గూడ సూసిన ఆ సినిమా. అండ్ల ఎవ్వరు వంగలే గద?"

"ఎట్ల కనవడ్తది కొడకా? కెమెరా ఆయన గూడ వంగిండు. గందుకే ఆ ముక్క రాలే."

నవ్వులకు బల్ల ఊగింది. శ్యామలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాలకిషన్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఇనుండ్రి, అయిపోలే. నేను గట్ల చెప్పంగనే చీకటి అర్రల ఉన్నోళ్ళందరు వంగిన్రు! తల్లులు, పిల్లలు, టీచర్ గూడ. టీచర్ లేచి, పెద్దయ్యా, శనివారం మీరే రావాలె, ఈ ముచ్చట మా పిల్లలకు చెప్పాలె అన్నది. పూజనే పక్కన నిలవెడ్తదట. తెర మీద నా నోరు మెదలంగనే పూజ 'వంగుండ్రి' అనాలె, బడి మొత్తం వంగాలె. మా పూజ అందరి ముందర మాట్లాడ్తానని ఒప్పుకున్నది. ఒప్పుకున్నది భాయ్!"

ఆటోలోంచి "వంగుండ్రి!" అని కేక వినిపించింది. పూజ చెప్పింది. చిన్నోడు వంగాడు, తల మీటరుకు కొట్టుకుంది. మళ్ళీ "వంగుండ్రి!" ఈసారి వాడు సీటు కిందికి దూరాడు.

అప్పుడు నయీముద్దీన్ సాసర్ కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు.

"బాలకిషన్, ఆ సినిమా నేను గూడ సూసిన. మా బిడ్డ నుస్రత్ తోలుకపోయింది. అయిపోంగనే మళ్ళ మొదలైతది గద, కూసొని మళ్ళ మళ్ళ సూసిన."

"సూస్తె మంచిదే."

"అండ్ల నువ్వు ఎవల దిక్కు సూస్తానవ్?"

"అందరి దిక్కు."

"అందరి దిక్కు కాదు. కెమెరా పక్కకు సూస్తానవ్. కెమెరా పక్కన ఎవల సాంచె ఉండె?"

బాలకిషన్ గ్లాసు తిప్పుతున్నాడు.

"నాది," అన్నాడు నయీముద్దీన్. "నువ్వు అన్నది నాతోని. పెదవులు సదువుడు నీకొక్కనికే వచ్చునా? ఏమన్నవో చెప్పాల్నా? 'నయీం భాయ్, జర నా సాంచెలు సూడు, ఒంటికి పోయొస్త' అన్నవ్."

ముందు శ్యామలమ్మ నవ్వింది. ఆమె చేతిలో గిన్నె ఒరిగి పాలు పొయ్యి మీద పడ్డాయి. తర్వాత సుదర్శన్ బల్ల మీద దబదబ కొట్టాడు. నేను నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

"పోయి ఎంతసేపటికి రాలే," అన్నాడు నయీముద్దీన్, నవ్వకుండానే. "గేటు బయట చాయ్ గూడ తాగి వచ్చినవ్. నావి నాలుగు, నీవి నాలుగు, ఎనిమిది సాంచెల నడుమ నేను ఉరుకుతాన్న. సినిమాల నువ్వు పోయినంక ఉరికేటోడు ఒకడు కనవడ్తడు. గది నేను. బెల్టు ఆ ఏడాదంత తెగలే."

"ఓ కాకా," అన్నాడు సుదర్శన్ ఊపిరి తీసుకోలేక. "అయితె శనివారం బడి పిల్లలు వంగుడు కాదు, లైను గట్టి ఒంటికి పోవాలె!"

మళ్ళీ నవ్వులు. బాలకిషన్ నవ్వలేదు. అతను మమ్మల్ని చూడటం లేదు. మా వెనక్కి చూస్తున్నాడు. తిరిగి చూస్తే పూజ ఉంది. నవ్వులు విని ఆటో దిగి వచ్చింది. బిస్కెట్ పొడి ఇంకా మూతికి అంటుకొని ఉంది.

"ఎందుకు నవ్వుతాన్రు?" అంది.

సుదర్శన్ ఫోన్ తీసి చూసుకోసాగాడు. శ్యామలమ్మ పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా చూసి, నయీముద్దీన్ దగ్గర ఆగింది.

"నయీం తాతా, నువ్వు గూడ ఆ సినిమాల ఉన్నవట గద. మా తాత వంగుండ్రి అన్నప్పుడు నువ్వు వంగినవా?"

శనివారం మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. వంగలేదంటే ఆ పిల్ల బడి ముందు నోరు తెరవదు. ఆ తర్వాత ఎప్పటికి తెరుస్తుందో తెలియదు.

బాలకిషన్ లేచాడు. తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. నయీముద్దీన్ వైపు చూశాడు. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. నాలుగైదు మాటలంతే. తర్వాత పక్కవాటుగా బల్లల మధ్యనుంచి జరుగుతూ హోటల్ వెనక గోడవైపు వెళ్ళిపోయాడు.

నయీముద్దీన్ అతను వెళ్ళినవైపు కాసేపు చూశాడు. తర్వాత పూజ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"వంగిన బిడ్డా. అందరు వంగిన్రు, నేను గూడ వంగిన. కాని జర ఆలస్యంగ వంగిన. అందుకే ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"నా టోపీ ఉన్నది గద, మా అమ్మ అల్లిన టోపీ, తెల్లది. బెల్టు దాన్ని తల మీదికెల్లి ఎగరేస్కపోయింది. బెల్టుతో పాటు గూడ్సు బండి ఎక్కింది. బల్లార్షా పోయింది. ఆడ స్టేషన్ మాస్టర్ దాన్ని పెట్టుకొని ఇప్పటికీ పచ్చజెండ ఊపుతాండట."

పూజ కళ్ళు పెద్దవయ్యాయి. "శనివారం నువ్వు గూడ వస్తవా? టోపీ ముచ్చట చెప్తవా?"

"చెప్త. నువ్వు ముందుగాల గట్టిగ వంగుండ్రి అనాలె. నువ్వు అంటెనే నాకు టోపీ ముచ్చట యాదికొస్తది."

"అంట!" అని పూజ ఆటోవైపు పరుగెత్తింది. చిన్నోడికి టోపీ సంగతి చెబుతున్న గొంతు రోడ్డు దాకా వినబడింది.

సుదర్శన్ ముందుకు జరిగాడు. "అది సరే గని నయీం చాచా, పోయేముందు కాక సప్పుడు లేకుంట ఏదో అన్నడు గద. ఏమన్నడు?"

నయీముద్దీన్ సాసర్‌లో మిగిలిన చాయ్ తాగేశాడు.

"కొత్తగ ఏమంటడు," అన్నాడు. "'నయీం భాయ్, జర నా సాంచెలు సూడు' అన్నడు."